బోణీ ఊపిరి

రాయదుర్గం దగ్గర ఒక ఊరి బడి వరండాలో పలుకుపెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. దీపం వెలగడంలో వింతేమీ లేదు, ఆ పెట్టెను చేసిందే అందుకు. అది ఎవరికి వెలిగిందో చూసి డాక్టర్ కుముదినికి ఒళ్ళు జల్లుమంది.

కుర్చీలో కూర్చుని గొట్టం నోట పెట్టుకున్నావిడ కుముదిని అత్తగారు కనకరత్నం. ఆవిడ రోగి కాదు. ఏ ఊరు వెళ్ళినా జనం జంకుతారని ముందుగా ఆవిడ చేత ఊదించేవారు. ఆవిడ ఊదితే తెల్లదీపం వెలిగేది, అంటే ఊపిరితిత్తుల్లో ఏ పురుగూ లేదని. ఆ తెలుపు చూసి జనం ధైర్యం తెచ్చుకుని వరసలోకి వచ్చేవారు. నీలం వెలిగితే క్షయ. ఎరుపు వెలిగితే క్షయలాగే కనిపించే దాని దాయాది, డాక్టర్లు ఎన్‌టీఎం అని పిలిచే జబ్బు. రెండేళ్ళుగా ఊరూరా తిరుగుతున్నారు. కనకరత్నానికి తెలుపు తప్ప మరో రంగు వెలిగి ఎరగదు.

"బల్బు మార్చారేంటమ్మాయ్?" అంది ఆవిడ గొట్టం తీసి, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

పెట్టె మొరాయించిందని, కాసేపు ఆగమని కుముదిని జనానికి చెప్పింది. గొట్టం మార్చింది. నీళ్ళు పారబోసి కొత్తవి పోసింది. బండి తోలే దస్తగిరిని పిలిచి ఊదమంది. తెలుపు వెలిగింది. పెట్టెకు ఏమీ కాలేదని అప్పుడే తెలిసింది, కానీ తెలిసినంత మాత్రాన మనసు ఒప్పుకోవాలని ఎక్కడుంది?

"ఇంకొక్కసారి ఊదండి అత్తయ్యా," అంది.

ఆవిడ వెన్ను నిటారుగా పెట్టి, మొదటిసారి కంటే గట్టిగా పెట్టె వదిలే ఆవిరి పీల్చి ఊదింది. ఈసారి ఎరుపు ఇంకా త్వరగా వెలిగింది. వరస ముందున్న పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మీ ఇంటి ఆయమ్మకే రోగముంటే ఇంగ మాకేం జూస్తార్లేప్పా," అని వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఊరంతా వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో దస్తగిరి రెండుసార్లు అడిగాడు, తనకు వెలిగింది తెల్లదే కదా అని. కనకరత్నం కిటికీ పక్కన కూర్చుని బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వక్కపలుకు మానేసి ఈవిడ కరక్కాయ ఎప్పుడు పట్టిందబ్బా అని కుముదిని అంతకుముందు కూడా అనుకుంది. అనుకుని ఊరుకుంది.

*

పలుకుపెట్టె పుట్టుక వెనక ఒక చావు ఉంది. బెజవాడలో ఆ ప్రయోగశాల నడిపే డాక్టర్ భీమశంకరం తల్లి దగ్గుతో తీసుకుని తీసుకుని పోయింది. క్షయ అన్నారు, క్షయ మందులు మింగించారు, తగ్గకపోతే మరిన్ని మింగించారు. ఆవిడ పోయాక తేలింది, అది క్షయ కాదని, మట్టిలోనూ నీళ్ళలోనూ కుళాయి గొట్టాల్లోనూ బతికే వేరే పురుగని. అది మనిషి నుంచి మనిషికి అంటుకునే రకం కాదు. గాలితోనో నీటి తుంపరతోనో లోపలికి పోయి, చాలామందిలో ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. కొందరిలో మాత్రం మేలుకుని ఊపిరితిత్తుల్ని తొలిచేస్తుంది. పడుకున్నదాన్ని పట్టుకోవడమే ఎవరి వల్లా కాలేదు.

భీమశంకరం పట్టుకున్నాడు. మట్టిలో పుట్టిన పురుగు, వాన పడితే కదలడం దాని స్వభావం అని ఆయన నమ్మకం. ఆయన తయారుచేసిన ఆవిరి తొలకరిని పోలి ఉంటుంది. అది పీలిస్తే లోపలి పురుగు వాన వచ్చిందనుకుని ఒక్క క్షణం ఒళ్ళు విరుచుకుని ఊపిరి విడుస్తుంది. ఆ వాసనను పెట్టె పసిగడుతుంది. ఆ తర్వాత పురుగు మళ్ళీ పడుకుంటుంది. ప్రయోగశాల ఎలుకల్లో పడుకుంది మరి. ఆ ఆవిరికి ఆయన పెట్టిన పేరు పిలుపు. వరండాలో పెట్టె తెరవగానే ఎండిన నేల మీద తొలి చినుకులు పడ్డ వాసన గుప్పుమనేది. ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చేవారు. పిల్లలు ఇంకోసారి అని మారాం చేసేవారు. మూతికి మాస్కు కట్టుకుని వెళ్తే రోగం అంటించడానికి వచ్చారనుకుంటారని కుముదిని తన మాస్కును గడ్డం కిందికి లాక్కుని, పెట్టె పక్కనే కూర్చుని ఆ వాసనలోనే రోజంతా పనిచేసేది. ఆ వాసన ఎవరికి చేదు?

ఆమె పని పటం వేయడం. ఏ ప్రాంతంలో ఈ జబ్బు ఎంత ఉందో అప్పటిదాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. వెతికిన చోట ఉందనేవారు, వెతకని చోట లేదనేవారు. పలుకుపెట్టె చేతికొచ్చాక ఆమె రాష్ట్రం పటాన్ని గోడకు తగిలించి, ఎరుపు వెలిగిన మనిషికల్లా ఒక గుండుసూది గుచ్చుతూ వచ్చింది. కోస్తా అంచున సూదులు చీమలబారులా కిక్కిరిశాయి. మన్యంలో అక్కడక్కడా ఉన్నాయి. రాయలసీమ దాదాపు ఖాళీ. ఉప్పుగాలి అన్నారు కొందరు, చెరువు నీళ్ళన్నారు కొందరు, తేమ అన్నారు ఇంకొందరు. ఆ పటం చూడటానికి పై ఊళ్ళ నుంచి పెద్దపెద్ద డాక్టర్లు వచ్చారు. కుముదిని ఆ గోడ ముందు నిలబడి మాట్లాడేటప్పుడు కాస్త గర్వపడేది. పడకేం చేస్తుంది?

ఇక బోణీ సంగతి. కనకరత్నం కాపురమంతా బందరులో గడిచింది. ఆవిడ చెయ్యి మంచిదని బజారంతా పేరు. గాజుల కొట్టువాడు, కూరల బండివాడు, పూలమ్మాయి, పొద్దున్నే ఆవిడ చేత పైసా పెట్టించుకుంటే ఆ రోజు సరుకు మిగలదని నమ్మేవారు. బేరం కుదరకపోయినా సరే, బోణీ మీరే చెయ్యాలమ్మా అని గుమ్మం ముందు నిలబడేవారు. భర్త పోయాక అదే కూరల బండివాడు పొద్దున్నే ఆవిడ కనబడితే మొహం తిప్పుకుని బండిని అవతలి పక్కకు తోసేవాడు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. ఇంకెవరో కొనేదాకా తలుపు చాటున సంచి పట్టుకుని నిలబడటం నేర్చుకుంది. కోడలు ఒకసారి సెలవులకు వెళ్ళినప్పుడు అది చూసింది. చూసి ఆ నెలలోనే అత్తగారిని బెజవాడ తెచ్చేసుకుంది. కుముదిని భర్త గూడ్సు బండి గార్డు, నెలలో సగం రోజులు పట్టాల మీదే. ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే.

బందరు అవతల నడిమిలంక అనే పల్లెలో మొట్టమొదటి శిబిరం పెట్టిన రోజున ఒక్కరు కూడా గొట్టం ముట్టుకోలేదు. ఎండ ఎక్కుతోంది, భీమశంకరం చెమటలు కక్కుతూ జనానికి ఉపన్యాసం ఇస్తున్నాడు, జనం ఆయన బూట్ల వంక చూస్తున్నారు. తోడుగా వచ్చిన అత్తగారు చెట్టు కింద కూర్చుని ఉంది. కుముదినికి ఏం తోచిందో, వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లేపింది.

"మా అత్తయ్య చేత బోణీ చేయిస్తున్నాం. ఆవిడ చెయ్యి మంచిది," అంది అందరికీ వినపడేలా.

కనకరత్నం కోడలి వంక ఒక చూపు చూసింది. ఆ చూపును కుముదిని బతికున్నంత కాలం మరిచిపోదు. తర్వాత ఆవిడ తలెత్తుకుని నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. తెల్లదీపం వెలిగింది. ఆ రోజు చీకటిపడేదాకా వరస తరగలేదు. అప్పటి నుంచి ఏ ఊళ్ళో అయినా బోణీ ఊపిరి ఆవిడదే. దేవుడంటే నవ్వే భీమశంకరం కూడా పెట్టె మూత తీసే ముందు, అమ్మగారు వచ్చారా అని అడిగేవాడు.

*

బెజవాడ ఆసుపత్రిలో స్కాన్ తీశారు. తెర మీద కనకరత్నం కుడి ఊపిరితిత్తి పురుగు పట్టిన వంకాయ ముక్కలా ఉంది. పై భాగంలో రెండు గుంటలు పడ్డాయి, వాటి చుట్టూ చిన్న చిన్న మచ్చలు. గళ్ళ పరీక్షలోనూ ఎన్‌టీఎం అనే తేలింది. ఇలా సన్నగా పొడుగ్గా ఉండే పెద్దావిడల్లో ఇది చూస్తుంటామని, దగ్గు బిగబట్టే అలవాటున్నవాళ్ళయితే మరీనని ఆ డాక్టరమ్మ చెప్పింది.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?" అడిగింది కుముదిని.

"ముసలి దగ్గు. దానికి తారీకులు రాసి పెడతారా ఎవరైనా?"

"నాకు ఒక్కసారి కూడా వినపడలేదే."

"వినపడనిస్తే కదా. కరక్కాయ బుగ్గనుంటే సగం అణుగుతుంది, మిగతా సగం నేనే మింగేస్తా." కనకరత్నం కొంగు సర్దుకుంది. "పదిమందిలో బోణీకి కూర్చున్నదాన్ని, ఖళ్ళుఖళ్ళుమని దగ్గితే ఏం బాగుంటుందమ్మాయ్? నువ్వు అంత మందిలో చెయ్యి పట్టుకుని లేపావు. నీ మాట పోనిస్తానా?"

కుముదిని కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఏడవకూడదనుకుంది, ఏడిచింది. ఆ ఏడుపులోనే ఒక ఆలోచన వచ్చి ఏడుపును ఆపేసింది. ఇన్ని ఊళ్ళలో ఎవరైనా ఒకసారో రెండుసార్లో, మహా అయితే మూడుసార్లో పిలుపు పీల్చి ఉంటారు. ప్రతి ఊళ్ళోనూ పీల్చిన మనిషి రాష్ట్రం మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆ మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది తనే.

*

మర్నాడే నడిమిలంక వెళ్ళింది. రుతువును బట్టి జబ్బు మారుతుందేమో చూద్దామని ఆ ఊళ్ళో మూడుసార్లు శిబిరం పెట్టారు. గోడ మీది పటంలో అన్నిటికంటే ఎక్కువ సూదులున్న ఊరు అదే.

ఊళ్ళోకి అడుగు పెడుతూనే దగ్గు వినపడింది. ఒక ఇంట్లో ఆగితే పక్క ఇంట్లో మొదలవుతోంది. అరుగు మీద చేపల వల బాగుచేసుకుంటున్న వరహాలమ్మ ఆమెను గుర్తుపట్టి పీట వేసింది. వరహాలమ్మ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు లోపల మంచం మీద ఉంది, ఎముకల పోగులా ఉంది. చిన్నకోడలు బిడ్డను చంకనేసుకుని చెంగుచెంగున తిరుగుతోంది.

"పెద్దదానికి ఎప్పటి నుంచమ్మా ఇలా?"

"మీ పెట్టి రెండోసారొచ్చి యెళ్ళినకాడి నుంచండి. మొదటిసారి దానికి తెల్లదీపవేనండి, మీరే సెప్పారు గందా. రెండోసారి ఎర్రదన్నారు. ఆ తరవాత ఇక మంచవే." వరహాలమ్మ నిష్టూరంగా ఏమీ అనలేదు. "ముందుగానే కనిపెట్టారు గాబట్టి సరిపోయింది, లేపోతే ఏవయ్యేదో అని మావోడు రోజూ మీకు దణ్ణం పెట్టుకుంటాడండి."

"చిన్నామె ఊదలేదా?"

"అప్పుడు కడుపుతో ఉంది గదండీ. కడుపుతో ఉన్నోళ్ళు ఊదకూడదని మీరే ఎనక్కి పంపారు."

కుముదిని ఆ ఇంటి కుండలోని మంచినీళ్ళు తాగలేక చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇద్దరు కోడళ్ళు, ఒకే చెరువు నీళ్ళు, ఒకే ఉప్పుగాలి, ఒకే వంటింటి పొగ. తేడా ఆ గొట్టం ఒక్కటే. లేచి ఇల్లిల్లూ తిరిగింది. పొలం పనికి పోయి శిబిరానికి రానివాళ్ళు బాగున్నారు. వచ్చినవాళ్ళలో సగానికి పైగా దగ్గుతున్నారు. మూడుసార్లూ వచ్చినవాళ్ళ ఇళ్ళలో లోపలి నుంచే దగ్గు వినపడుతోంది, గుమ్మం దాకా కూడా రాలేకపోతున్నారు.

కోస్తా ఎందుకు ఎర్రబడిందో ఆమెకు తిరుగు బస్సులో అర్థమైంది. ప్రయోగశాలకు దగ్గరని అక్కడికే మాటిమాటికీ వెళ్ళారు. మన్యానికి రెండుసార్లు వెళ్ళారు. సీమలో ఏ ఊరికైనా వెళ్ళింది ఒక్కసారే. పండితులంతా వచ్చి తలలూపిన ఆ పటం జబ్బు పటమో, తమ బండి చక్రాల పటమో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. పురుగు అన్ని ప్రాంతాల్లోనూ, పెట్టెకు అందనంత కొద్దిగా, పడుకునే ఉండవచ్చు. తాము ఎక్కడ ఎక్కువసార్లు పిలిస్తే అక్కడ ఎక్కువగా లేచింది. లేచింది మళ్ళీ పడుకోలేదు.

*

"ఎలుకల్లో పడుకుంది," అన్నాడు భీమశంకరం. ప్రయోగశాలలో గోడ మీది పటానికి వీపు చేసి కూర్చున్నాడు.

"ఎలుకల్ని ఒక్కసారే పిలిచాం సార్."

"కుముదినీ, మీ అత్తగారి విషయం విని నాకూ బాధగానే ఉంది. కానీ ఆవిడ పుట్టి పెరిగింది బందరు. ముందే ఉన్నదాన్ని పెట్టె కనిపెట్టిందని ఎందుకు అనుకోకూడదు? నడిమిలంకలోనూ అంతే. మనం వెళ్ళకపోయినా వాళ్ళు దగ్గేవాళ్ళే. క్షయ మందులు మింగుతూ దగ్గేవాళ్ళు. మా అమ్మలాగా."

ఆయన దుర్మార్గుడైతే కుముదినికి పని సులువయ్యేది. తల్లిని పోగొట్టుకున్న కొడుకు ఇంకో తల్లి అలా పోకూడదని పదిహేనేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. వచ్చే వారం ప్రభుత్వం జిల్లాకో బండి చొప్పున రోడ్డెక్కిస్తోంది. రాష్ట్రంలో ఊదని మనిషి ఉండకూడదని ఉత్తర్వు. ఇప్పుడు వెళ్ళి ఆయనతో, నువ్వు కొరివితో జనం తల గోకుతున్నావని ఎలా చెప్పడం?

"బండ్లు ఆపించండి సార్, రుజువయ్యేదాకా," అంది.

"రుజువుకు ఒకటే దారి. చాలాసార్లు పిలుపు పీల్చిన మనిషి కావాలి. స్కాన్ ఉంది. ఇంకోసారి పిలిచి, వారం ఆగి మళ్ళీ స్కాన్ తీస్తే తేలిపోతుంది." ఆయన ఆ మనిషి పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని ఇద్దరికీ తెలుసు.

"ఆ మాట ఇంకోసారి అనకండి," అని కుముదిని లేచి వచ్చేసింది.

ఇంట్లో కనకరత్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మందులు మొదలుపెట్టినా అవి ఏడాదికి పైగా మింగాలి, అప్పుడైనా పూర్తిగా తగ్గుతుందో లేదో తెలియదు. కుముదిని పక్కన కూలబడి అంతా చెప్పేసింది. పెట్టే ఈ పని చేసిందని, కుర్చీలో కూర్చోబెట్టిన తనే ఈ పని చేసిందని కూడా చెప్పింది. తిట్టినా బాగుండేది. ఆవిడ ఈనెలు తీస్తూనే ఉంది.

"జిల్లాకో బండంటే చాలామందే ఊదుతారే," అంది చివరికి.

"ఊరూ వాడా అత్తయ్యా. పసిపిల్లలతో సహా."

"ప్రారంభానికి నన్ను రమ్మన్నాడా డాక్టరుగారు?"

"బోణీ మీ చేతే చేయించాలని ముందే అనుకున్నారు. మీరు రారని చెప్పేశాను."

"నేను రానని నువ్వెట్టా చెప్తావ్?" కనకరత్నం గిన్నె పక్కన పెట్టింది. "వస్తానని చెప్పు."

"చంపుకోనా మిమ్మల్ని? ఆ గొట్టం మళ్ళీ మీ నోట పెట్టనిస్తానా?"

"అడుసు తొక్కించావు, కాలు నన్నే కడుక్కోనియ్యి," అని ఆవిడ కోడలి తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తేలిగ్గా, వేడిగా ఉంది.

*

మైదానంలో షామియానాల కింద ఇసకేస్తే రాలనంత జనం. కొత్త తెల్ల బండ్లు బారులు తీరి ఉన్నాయి, ఒక్కోదాని నుదుట కుంకుమ బొట్టు, ముందు పగలగొట్టిన కొబ్బరికాయ. వేదిక మీద పలుకుపెట్టె తెరిచి ఉంది. నెర్రెలిచ్చిన వేసవి నేల మీద ఎక్కడా చినుకు లేకుండా తొలకరి వాసన వేస్తోంది. ముందు వరసల్లో వాళ్ళు ఆ వాసనకు మురిసిపోతున్నారు. కుముదినికి ముక్కు మూసుకోవాలనిపించింది.

అత్తగారు ఎందుకు వచ్చిందో ఆమెకు అర్థమైపోయినట్టే ఉంది. రుజువు కోసం ఇంకోసారి పీల్చబోతోంది. వారం తర్వాత స్కాన్ తెర మీద తన ఊపిరితిత్తులు చూపించి బండ్లు ఆపిస్తుంది, ఆ వారం బతికి ఉంటే. అడ్డుపడాలని కుముదిని మెట్లెక్కింది. అప్పటికే భీమశంకరం మైకులో, ఈ కార్యక్రమానికి మొదటి నుంచీ బోణీ చేస్తున్న అమ్మగారు అని పరిచయం చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. నడిమిలంక నుంచి వచ్చిన వరహాలమ్మ నిలబడి మరీ కొట్టింది.

కనకరత్నం కుర్చీలో కూర్చుంది. గొట్టం అందుకుంది. మైకు ఆవిడ మూతి ముందే ఉంది. ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేతిలోకి బుగ్గనున్న కరక్కాయ ముక్కను తీసి పక్కన పెట్టింది.

తర్వాత దగ్గింది.

కొంగు అడ్డం పెట్టుకోలేదు. మొహం పక్కకు తిప్పుకోలేదు. ఇన్నాళ్ళుగా మింగిన దగ్గునంతా ఒక్కసారి వదిలింది. మైకు దాన్ని మైదానమంతా వినిపించింది. ఆ సన్నటి ఒళ్ళు కుర్చీలో ఊగిపోయింది. కుముదిని పరుగెత్తి భుజాలు పట్టుకుంది, ఆవిడ విదిలించుకుంది. చప్పట్లు ఎప్పుడో ఆగిపోయాయి. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు తప్ప ఆ దగ్గు ఒక్కటే వినపడుతోంది. చాలాసేపటికి అది తెరిపి ఇచ్చాక ఆవిడ మూతి తుడుచుకుని అరచెయ్యి తెరిచి జనం వైపు చూపించింది. అరచేతిలో కరక్కాయ గింజంత నెత్తురు ఉంది.

"బోణీ చెడింది," అంది మైకులో. గొంతు బొంగురుపోయింది గానీ మాట స్పష్టంగా ఉంది. "నా చెయ్యి మంచిది కాదు. ఈ పెట్టె నాకు చేసింది ఇదీ. ఇవాళ ఎవరూ ఊదకండి. పిల్లల్ని తీసుకుని ఇళ్ళకి పోండి."

బోణీ చెడ్డ కొట్లో సరుకు కొనేవాడు ఉండడు. శాస్త్రం, రుజువు, స్కాన్ అని కుముదిని ఆ వారమంతా మొత్తుకున్నా ఆగని జనం ఆ నాలుగు మాటలకు లేచారు. తల్లులు పిల్లల ముక్కులకు కొంగులు అడ్డం పెట్టి లాక్కుపోయారు. అధికారులు మైకులో ఏవేవో అరిచారు, ఎవరూ వినలేదు. అందరికంటే ముందు వెళ్ళిపోయింది వరహాలమ్మ. వెళ్తూ వెళ్తూ కనకరత్నం వంక చూసిన చూపులో భయం ఉంది, జాలి ఉంది, బందరు కూరల బండివాడి చూపూ కాస్త ఉంది.

కుముదినికి అప్పుడు తెలిసింది, అత్తగారు కడుక్కున్నది ఏమిటో. తాను తిరిగి తెచ్చిచ్చిన ఒక్క మర్యాదనూ ఆవిడ ఇంతమందిలో తన చేత్తోనే పారేసుకుంది.

భీమశంకరం పెట్టె దగ్గర కొయ్యబారి నిలబడ్డాడు. ఆయన చూపు ఆవిడ అరచేతి మీద ఉంది. అలాంటి అరచెయ్యిని ఆయన ఇంట్లో ఎన్నాళ్ళు చూశాడో ఆయనకే తెలుసు. నెమ్మదిగా వంగి పెట్టె మూత వేశాడు. తొలకరి వాసన ఆగిపోయింది.

*

బండ్లు షెడ్డులోకి వెళ్ళాయి. విచారణ సంఘం వేశారు. పెట్టె మళ్ళీ ఎప్పటికైనా తెరుస్తారో లేదో తెలియదు. భీమశంకరం మందుల సంచి వేసుకుని నడిమిలంకతో మొదలుపెట్టి ఊరూరా తిరుగుతున్నాడు, తిట్లు తింటున్నాడు, గుమ్మాల్లో కూర్చుని దగ్గేవాళ్ళ చేత మాత్రలు మింగిస్తున్నాడు. వరహాలమ్మ పెద్దకోడలు ఆయన రెండోసారి వెళ్ళేసరికి లేదు.

కుముదిని గోడ మీది సూదులన్నీ పీకేసింది. ఏ ప్రాంతంలో ఈ జబ్బు ఎంత ఉందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అసలు ఎంత ఉండేదో ఇక ఎప్పటికీ తెలియదు. లెక్కపెట్టబోయి ఆ లెక్కను చేతులారా చెరిపేసుకున్నారు. సూదులు పోయినా కాగితం మీద చిల్లులు పోలేదు, కోస్తా అంచంతా జల్లెడలా ఉంది.

"పిలుపుకే పురుగు అలా లేచిందే, నిజం వానకి ఊరుకుంటుందా?" అని భీమశంకరం ఒక ఊరి నుంచి ఫోనులో అడిగాడు. ఆ రోజు నుంచి కుముదిని మబ్బుల్ని చూస్తే ఉలిక్కిపడుతోంది.

తొలకరి ఆ ఏడు ఆలస్యంగా వచ్చింది. మధ్యాహ్నం ఎండ ఉన్నట్టుండి మసకబారింది. కూరల బండి వీధిలో అందరి గుమ్మాల ముందూ ఆగుతూ వచ్చి, ఈ గుమ్మం ముందు మాత్రం ఆగకుండా గబగబా పోయింది. కనకరత్నం అది చూసింది. ఈసారి తలుపు చాటుకు వెళ్ళలేదు. వరండాలో మంచం మీద కూర్చునే చూసింది. మందులతో ఆవిడ ఒళ్ళు ఇంకా చిక్కింది, కానీ ఇప్పుడు ఎవరి దగ్గరా దాచకుండా, వీధికి వినపడేలా దగ్గుతోంది.

మొదటి చినుకులు నేల మీద టపటపా పడ్డాయి. వీధిలో పిల్లలు కేరింతలు కొట్టారు. మట్టివాసన గుమ్మం దాటి, వరండా దాటి వంటింట్లోకి వచ్చింది. ఎంత కమ్మటి వాసన. కుముదిని పరుగున వెళ్ళి కిటికీ రెక్కలు మూసింది, తలుపు మూసింది, సందుల్లో తడిగుడ్డ కుక్కింది. అయినా వాసన లోపలే ఉంది. వరండాలో అత్తగారి దగ్గు అందుకుంది.

అప్పుడు కుముదిని గొంతులో సన్నగా గరగర మొదలైంది. ఏదో నలక పడిందనుకుంది. గుటక వేసింది. నలక కిందికి దిగకుండా పైకి పాకింది. రెండేళ్ళు పెట్టె పక్కన, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఆ వాసనలో ఎన్ని పగళ్ళు కూర్చుందో ఒక్కసారిగా గుర్తొచ్చింది. గట్టు పట్టుకుని నిలబడి, పెదవులు బిగించి, వచ్చేదాన్ని వచ్చినట్టే మింగేసింది. అత్తయ్యకు వినపడకూడదు. ఆవిడ మోసింది చాలు. చెయ్యి దానంతటదే పోపులపెట్టె వెనకున్న కరక్కాయ డబ్బా మీదికి వెళ్ళింది. మూత చప్పుడు కాకుండా తీసి ఒక ముక్క బుగ్గన పెట్టుకుంది.

వరండాలో దగ్గు ఆగింది. వాన చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

"అమ్మాయ్," అని పిలిచింది కనకరత్నం.

కుముదిని పలకలేదు. నోరు తెరిస్తే బయటపడిపోతుంది.

"ఆ ముక్క ఊసేసి ఇట్టా రా. నా పక్కన కూర్చో." ఆవిడ గొంతులో కోపం లేదు. "బిగబట్టకు తల్లీ. దగ్గేసెయ్."